గవ్వ నేర్పిన పాఠం

హాంకాంగ్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు గత దీపావళికి రాయ్‌పూర్ వచ్చి, మా క్వార్టర్సులో నాలుగు రోజులున్నాడు. ఒకనాడు భోజనాల వేళ అక్కడి కాంటనీస్ సామెత ఒకటి వినిపించాడు: "తామ్ జీ దక్ గో పన్." దురాశ అనే అక్షరం చివరకు దారిద్ర్యంగా మిగులుతుందని భావం. ఆ రెండక్షరాలూ కాగితంపై వ్రాసి చూపాడు. కవలపిల్లల వలె ఉన్నాయి! రెండింటి అడుగునా ఉన్నది గవ్వ గుర్తేనట. ప్రాచీన చైనాలో గవ్వలే ధనం. మనమూ 'చిల్లిగవ్వ లేదు' అంటాము. ఈ ఊరివారు 'ఫూటీ కౌడీ' అంటారు.

"దీనిని ఎప్పుడు వాడతారు?" అని అడిగాము.

"వచ్చిన లాభంతో ఆగక, ఇంకా కావాలని ఉన్నదీ పోగొట్టుకున్నవాడి గురించి, మావయ్యా!"

వడ్డిస్తున్న మా శ్రీమతి తలవంచుకున్నది. మాకు ముద్ద గొంతు దిగలేదు.

కొన్నేళ్ళ క్రితం, సొమ్ము రెట్టింపు చేస్తామన్న ఒక సంస్థలో ఇరవై వేలు కట్టాము. మూడు నెలలు వడ్డీ ఠంచనుగా అందింది. కొత్తగా చేరినవారి సొమ్మే పాతవారికి వడ్డీగా పంచుతున్నారని గ్రహించలేదు. భవిష్యనిధి నుండి అప్పు తీసి, అమ్మాయి పెళ్ళికి దాచినది కూడా కలిపి, ఇంట్లో చెప్పకుండా కట్టాము. నాలుగవ నెలలో ఆ కార్యాలయానికి తాళం పడింది.

అంతకు మించిన బాధ మరొకటి ఉన్నది. "మీరు కట్టారు కదా సార్, ఇంకేం భయం!" అంటూ మా సహోద్యోగి ఒకరు మా వెనుకే కట్టారు. పదవీ విరమణానంతరం ఆయనను విజయనగరం బండి ఎక్కించడానికి వెళ్ళాము. మా చేయి పట్టుకుని, "మీరు మాత్రం ఏం చేస్తారు సార్!" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఇటువంటి పథకాలను నిషేధిస్తూ 1978లో ఒక చట్టం, అనియంత్రిత డిపాజిట్లపై 2019లో మరొక చట్టం వచ్చాయి. అయినా మన ఆశకు కళ్ళెం వేయవలసింది మనమే. 'ఆశ లావు, పీక సన్నం' అని మన పెద్దలు ఏనాడో అన్నారు. నష్టపోయినవాడితో అంటే ఇటువంటి సామెత దెప్పిపొడుపే అవుతుంది. మొదటి వడ్డీ చేతికందిన నాడే, ఇల్లాలి ఎదుట, మనకు మనమే చెప్పుకుంటే గవ్వ నిలుస్తుంది. స్నేహితుని ముఖం చూడగల ధైర్యమూ నిలుస్తుంది.