అంబాసిడర్‌లో కృష్ణా తీరం

కృష్ణా డెల్టాలో తీరం వెంట కారు ప్రయాణమంటే సముద్రాన్ని ఓ పక్కన పెట్టుకుని సాగే ప్రయాణం కాదు. విశాఖపట్నం నుంచి భీమిలి దాకా ఉన్న బీచ్ రోడ్డులోనో, కాలిఫోర్నియాలో కొండ అంచున పోయే ఒకటో నంబరు హైవే మీదో కారు అద్దంలోంచే కెరటాలు కనిపిస్తుంటాయి. అక్కడ తీరం గట్టినేల. ఇక్కడి నేల కృష్ణ వేల ఏళ్లుగా మోసుకొచ్చి పోసిన ఒండ్రు. సముద్రానికీ ఊళ్లకూ మధ్య మడ అడవులు, ఉప్పు కయ్యలు, రొయ్యల చెరువులు పరుచుకుని ఉంటాయి. కత్తిపూడి దగ్గర మొదలై కాకినాడ, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరే 216వ నంబరు జాతీయ రహదారిని కోస్తా రోడ్డనే అంటారు గానీ, డెల్టాలో ఆ రోడ్డు మీంచి సముద్రం దాదాపుగా కనిపించదు. మంగినపూడికో, హంసలదీవికో, సూర్యలంకకో, వాడరేవుకో రోడ్డు వదిలి విడిగా వెళ్లి, చూసుకుని, మళ్లీ వెనక్కి రావాల్సిందే.

అమెరికా నుంచో, ఆస్ట్రేలియా నుంచో సెలవులకు వచ్చి, బెజవాడ వన్ టౌన్‌లో తాతల కాలం నాటి ఇంటి ముందున్న అంబాసిడర్‌ను బయటికి తీయాలనుకునే ప్రవాసులు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. అక్కడ చూసిన తీరాన్ని ఇక్కడ వెతికితే నిరాశ తప్పదు. ఏరు, కరకట్ట, కాలువ, లంక, ఆ పైన సముద్రం: ఈ వరసలో చూస్తే దీనికి సాటి వచ్చే దారి మరొకటి ఉండదు. గంటకు యాభై, అరవై కిలోమీటర్ల వేగంలో హాయిగా నడిచే పాత కారుకు ఇంతకన్నా తగిన నేల దొరకదు. డెల్టా అంతా చదును, ఘాట్లు లేవు, ఎక్కాల్సిన ఎత్తులు వంతెనలే.

ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన కారు అంబాసిడర్. 1950ల చివర మొదలై 2014 దాకా కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైంది. మార్క్ 2, 3, 4 అంటూ పేర్లు మారినా రూపం పెద్దగా మారలేదు. చాలాకాలం 1489 సీసీ పెట్రోలు ఇంజినే దానికి ప్రాణం. 1990లలో ఇసుజు ఇంజిన్ వచ్చాక పరుగు మారింది. డీజిల్ బళ్లు కూడా మన వైపు బాగా తిరిగాయి. ముందు సీటు బెంచీలా ఒకటే పలక, గేరు కడ్డీ స్టీరింగు పక్కన, వెనక కమాను కట్టలు. గతుకుల దారిలో ఈ కమాన్ల మీద ఊగుతూ పోవడంలోని సుఖం కొత్త కార్లలో లేదు. బొంబాయి కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని అయినా ఈ ప్రయాణానికి సరిపోతుంది. అది తేలిక బండి, 1089 సీసీ ఇంజిన్, మలుపుల్లో చురుకు. అయితే నలుగురు మనుషులు, వాళ్ల సామాన్లు, దారిలో కొనే లడ్డూ డబ్బాలతో సహా వెళ్లాలంటే అంబాసిడరే మేలు.

ఏడాదిలో పదకొండు నెలలు కదలకుండా ఉన్న కారును తీసి మర్నాడే బందరు (మచిలీపట్నం) రోడ్డెక్కించడం పొరపాటు. కనీసం పది, పదిహేను రోజుల ముందే ఆటోనగర్‌లో పాత అంబాసిడర్ పని తెలిసిన మెకానిక్‌కు అప్పగించాలి. జవహర్ ఆటోనగర్ ఉన్న ఊళ్లో ఇది కష్టం కాదు. టింకరింగ్, రేడియేటర్ పని, కమాను పట్టీలు, వైరింగ్, బోరు పని ఎవరి షెడ్డు వారిదే, అన్నీ నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉంటాయి.

మొదట చూడాల్సింది పెట్రోలు దారి. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే మామూలైంది. పాత కార్ల రబ్బరు గొట్టాలు, కార్బొరేటర్ వాషర్లు, పంపు డయాఫ్రం దీన్ని తట్టుకునేలా చేసినవి కావు. రబ్బరు ఉబ్బి, మెత్తబడి, చివరికి పగులుతుంది. ఇథనాల్ నీటిని పీలుస్తుంది కాబట్టి నెలల తరబడి నిలవున్న ట్యాంకులో అడుగున తుప్పు చేరుతుంది. పాత పెట్రోలు పూర్తిగా తీసేసి, ట్యాంకు కడిగించి, గొట్టాలన్నీ ఇథనాల్‌కు ఆగే రకంతో మార్పించాలి. ఇంజిన్ గదిలో గొట్టం చిట్లితే కారుకే కాదు, లోపల కూర్చున్నవాళ్లకూ ముప్పే. అందుకే ఈ ఒక్క పనిలో పొదుపు పనికిరాదు.

రెండోది చల్లదనం. రేడియేటర్‌ను విప్పి లోపలి పాచి తీయించి, ఫ్యాన్ బెల్టు, నీళ్ల గొట్టాలు కొత్తవి వేయించాలి. ఎండలో ఇంజిన్ వేడికి పెట్రోలు పంపు దగ్గరే ఆవిరైపోతే కారు నడిరోడ్డు మీద ఆగిపోతుంది. పాత డ్రైవర్లు అలాంటప్పుడు బానెట్ ఎత్తి, పంపు మీద తడి గుడ్డ చుట్టి, కాస్త ఆగి, మళ్లీ సెల్ఫ్ కొట్టేవారు. ఆ చిట్కా ఇప్పటికీ పనిచేస్తుంది. సీట్ల కింద ఓ పాత తుండుగుడ్డ, అయిదు లీటర్ల నీళ్ల క్యాను ఉండాలి. సెగలు కక్కుతున్న రేడియేటర్ మూతను మాత్రం చల్లారేదాకా ముట్టుకోకూడదు.

బ్రేకుల సంగతి అంతకన్నా ముఖ్యం. పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. తడిస్తే కాసేపు పట్టు తగ్గుతుంది, కొత్త కార్లలా పెడల్ తొక్కగానే ఆగవు. విదేశాల్లో ఆటోమేటిక్ కారుకు అలవాటుపడ్డ కాలు ఇది మర్చిపోతుంది. ముందు బండికి రెట్టింపు దూరం వదలడం అలవాటు చేసుకోవడానికి నగర శివార్లలో ఒకటి రెండు రోజులు నడపాలి. అరిగినట్టు కనిపించకపోయినా వయసు మీరిన టైర్లు మార్చాలి. సీటు బెల్టులు లేని బండికి ముందూ వెనకా పెట్టించాలి. అసలు రూపం చెడుతుందని కొందరు ఒప్పుకోరు గానీ, పిల్లలను వెనక కూర్చోబెట్టుకునే కారులో అసలు రూపం కన్నా బెల్టే విలువైనది. స్టెప్నీ, జాకీ, ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్, ఓ ఫ్యాన్ బెల్టు డిక్కీలో ఉంటే చాలు, మిగతాది దారిలో ఏ ఊరి మెకానిక్ అయినా చూస్తాడు.

కాగితాల విషయం. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. ఆ ఆర్సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం ఉంటే పాత కారు రోడ్డెక్కవచ్చు. ఢిల్లీ ప్రాంతంలో పాత బళ్ల మీదున్న నిషేధం ఆంధ్రాలో లేదు. తొలి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన కార్లకు కేంద్రం 2021లో వింటేజ్ నిబంధనలు తెచ్చింది. వాటికి ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. అయితే ఆ నంబరున్న బండిని ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతుల వంటి పనులకే రోడ్డు మీదికి తేవాలి, రోజువారీగా తిప్పకూడదు. ఇలాంటి ప్రయాణాలు చేయాలనుకునేవారు మామూలు రిజిస్ట్రేషన్ ఉంచుకోవడమే మంచిది. విదేశీ లైసెన్సు మాత్రమే ఉన్న ప్రవాసి అక్కడి నుంచి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకోవాలి.

నెల ఎంచుకోవడంలో జాగ్రత్త కావాలి. మార్చి దాటితే బెజవాడ ఎండకు పాత ఇంజినూ నిలవదు, మనుషులూ నిలవరు. వాన తగ్గి పైరు పచ్చగా ఉండే నవంబరు కంటికి బాగుంటుంది, కానీ అది తుపానుల నెల. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరులో దాదాపు ముప్పై వేలమందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సొర్లగొంది వంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి, చనిపోయినవారు వేలల్లో ఉన్నారు. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేయాలి, సెలవు అయిపోతోందన్నది కారణం కాకూడదు. డిసెంబరు చివర, జనవరిలో పొద్దుటి మంచు, రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం, వెనక లైట్లు లేని ట్రాక్టర్లు ఉంటాయి. పొద్దు వాలాక నడపకపోతే ఈ మూడింటిలో చివరిది తప్పుతుంది. కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో, మాఘ పౌర్ణమికి హంసలదీవిలో స్నానాల రద్దీ. ఏ తొందరా లేకుండా చూడాలంటే సంక్రాంతి దాటాక వచ్చే వారాలు మేలు.

మూడు రోజుల ప్రయాణం సరిపోతుంది. వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్, బ్రాహ్మణ వీధి, శివాలయం వీధి వైపు సరుకు లారీలు, తోపుడు బళ్లు మొదలుకాకముందే బయటపడాలి. బందరు చేరడానికి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రుల మీదుగా పోయే జాతీయ రహదారి ఉంది, డెబ్భై కిలోమీటర్ల వెడల్పాటి రోడ్డు. పాత కారుకు మాత్రం కృష్ణలంక, యనమలకుదురు, తోట్లవల్లూరు మీదుగా ఎడమ కరకట్ట దారే తగినది. కట్ట ఎత్తు మీద ఒక వైపు ఏరు, ఇసుక తిన్నెలు, రెండో వైపు అరటి, కంద, పసుపు, చెరకు. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఒకరు కిందికి జరగాలి, అందుకే వేగం ముప్పై, నలభై దాటదు. ఈ దారిలోనే ఉన్న శ్రీకాకుళం ఊళ్లో ఆంధ్ర మహావిష్ణువు ఆలయం దగ్గర కారు ఆపాలి. కృష్ణదేవరాయలకు ఆముక్తమాల్యద రాయాలన్న సంకల్పం కలిగింది ఇక్కడే. పక్కనే ఘంటసాల, బౌద్ధ స్తూపం దిబ్బ, దాని శిల్పాలకో చిన్న మ్యూజియం. రోమన్ నౌకల కాలంలో ఇది వర్తక కేంద్రం. సముద్రం ఆనాటి నుంచి ఎంత వెనక్కి జరిగిందో ఇక్కడ నిలబడితే అర్థమవుతుంది.

రాత్రి బందరులో బస. 1611లో ఇంగ్లీషువాళ్లు వర్తకం మొదలుపెట్టిన రేవు ఇది, డచ్చివారి సమాధులు ఇంకా నిలిచే ఉన్నాయి. పొద్దున మంగినపూడి వెళ్లాలి. అక్కడ ఇసుక నల్లగా, మెత్తగా, ఒండ్రు కలిసి ఉంటుంది. తారు రోడ్డు ఆగిన చోటే కారు ఆపాలి. అంబాసిడర్ బరువుకు వెనక చక్రాలు కూరుకుపోతే తాడు వేసి ట్రాక్టరుతో లాగించడం తప్ప దారి ఉండదు.

అక్కడి నుంచి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి చూసుకుని, అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి. వేణుగోపాలస్వామి గుడి దాటాక పాలకాయతిప్ప వైపు దారి మడ అడవుల నేలలోంచి పోతుంది. పోటు సమయంలో నీళ్లు దారి మీదికొస్తాయి కాబట్టి స్థానికులను అడిగి పాటు వేళ చూసుకునే వెళ్లాలి. కృష్ణ సముద్రంలో కలిసేచోట రెండు నీళ్ల రంగులూ విడివిడిగా కనిపించే ఆ కాసేపటి కోసం ఎంత దూరం వచ్చినా తక్కువే.

వెనక్కి వచ్చి పులిగడ్డ–పెనుమూడి వారధి దాటితే రేపల్లె వైపు. ఈ వంతెన లేనప్పుడు ఆ ఒడ్డుకు వెళ్లాలంటే పడవే గతి. రేపల్లె నుంచి బాపట్ల దారి సాఫీగా సాగుతుంది, రాత్రి అక్కడే ఆగవచ్చు. మర్నాడు సూర్యలంక, ఆ తర్వాత చీరాల మీదుగా వాడరేవు. ఈ రెండు చోట్లా ఇసుక తెల్లన, నీళ్లు తేట. డెల్టా ఒండ్రు ఇక్కడికి పలచబడిందని కంటికే తెలుస్తుంది. తీరిక ఉంటే వేటపాలెంలో 1918లో నెలకొల్పిన సారస్వత నికేతనం గ్రంథాలయం, ఆ పైన మోటుపల్లి. కాకతి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన రేవు అది. ఈనాడు ఓ పల్లె. తిరుగు ప్రయాణం పొన్నూరు, తెనాలి, దుగ్గిరాల, మంగళగిరి మీదుగా, కృష్ణ మీది వారధి దాటి బెజవాడ.

ఉప్పుగాలి తగిలిన పాత కారును అలాగే షెడ్డులో పెడితే ఆ తుప్పు మరుసటి సెలవులకల్లా నేల పలక తినేస్తుంది. చేరిన మర్నాడే మంచినీళ్లతో అడుగు భాగం, చక్రాల గూళ్లు, కమాన్ల సందులు కడిగించి, ఆరాక గ్రీజు, పాత నూనె పట్టించాలి. పెట్రోలు ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేసి, బ్యాటరీ తీగ విప్పి, హ్యాండ్ బ్రేకు వేయకుండా చక్రాలకు ఇటుకలు పెట్టాలి. నెలకోసారి కారును ఓ అడుగు ముందుకు, వెనక్కి తోయడానికి ఊళ్లో ఉన్న బంధువు ఎవరికైనా తాళం ఇచ్చి వెళ్లాలి.