రావిర్యాల ఎగ్జిట్ 13

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద రావిర్యాల ఎగ్జిట్ నంబరు 13. అటు వెళ్లేవాళ్లలో చాలామందికి వండర్‌లా వినోద పార్కు గుర్తొస్తుంది. నాకు 8191 గుర్తొస్తుంది. పదమూడు రెండ్లను వరసగా గుణించి, వచ్చిన దాంట్లోంచి ఒకటి తీసేస్తే అదే మిగులుతుంది. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగింపబడదు, ప్రధాన సంఖ్య. కంప్యూటరు వాడే సున్నాలు-ఒకట్ల లిపిలో రాస్తే వరసగా పదమూడు ఒకట్లు!

ఇది అన్నిటికీ కుదరదు. 13 లాగే పెద్ద అంబర్‌పేట ఎగ్జిట్ 11 కూడా ప్రధాన సంఖ్యే. అయినా అదే లెక్కలో వచ్చే 2047, 23, 89ల లబ్ధంగా విడిపోతుంది. రాజేంద్రనగర్ 17కి మళ్లీ కుదురుతుంది. ఎందుకిలా? ఘాతం, అంటే గుణించే రెండ్ల సంఖ్య, ప్రధాన సంఖ్యే అయినా ఫలితం కూడా ప్రధాన సంఖ్యో కాదో అన్నిసార్లూ ముందే చెప్పగల సూత్రమేదీ తెలియదు, ఒక్కోదాన్నీ పరీక్షించాల్సిందే. ఏ ఘాతాలకు కుదురుతుందో ఫ్రెంచి సన్యాసి మెర్సెన్ 1644లో ఇచ్చిన జాబితాలోనే తప్పులు దొర్లాయి.

2024 అక్టోబరులో ల్యూక్ డ్యూరాంట్ కనుగొన్న ప్రధాన సంఖ్య ఈ కుటుంబంలోదే. ఘాతం 13,62,79,841, అంకెలు 4,10,24,320. మనిషికి తెలిసిన అతిపెద్ద ప్రధాన సంఖ్య ఇప్పటికి అదే. రావిర్యాల సంఖ్యకు అంత దూరపు చుట్టం ఉండటం నాకెంతో ఆనందం. ఇలాంటివి అనంతంగా ఉన్నాయో లేదో ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదు. ఉన్నాయనే నా నమ్మకం.