ఏమడిగాడు బాస్?

బుధవారం నాడు హిందూ పేపరుతో 'ఆపర్చునిటీస్' వచ్చేది, టైమ్స్‌తో 'అసెంట్' వచ్చేది. హైదరాబాదు ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో ఆ రెండు అనుబంధాలకే గిరాకీ. మెయిన్ పేపరు ఎవరి మంచం కింద పడి ఉందో పట్టించుకునే నాథుడు ఉండేవాడు కాదు. ఎనిమిదింటికల్లా 'వాక్-ఇన్' అని ఉన్న చోటల్లా ఎవరో బాల్‌పెన్నుతో సున్నా చుట్టేసేవాళ్లు, పదింటికల్లా ఆ ముక్క చింపుకుని ఇంకెవరో పోయేవాళ్లు, ఆలస్యంగా లేచినవాడికి కన్నాల పేపరు మిగిలేది. 2002, 2003 నాటి మాట. డాట్‌కామ్ దెబ్బకి అమెరికా నుంచి వెనక్కొచ్చేసిన ఒకరిద్దరు అన్నలు కూడా మా పక్క మంచాల మీదే ఉండేవారు, సాంబారులో ములక్కాడ వెతుక్కుంటూ, డాలర్ల ఊసెత్తకుండా.

అమీర్‌పేటలో మైత్రీవనం నుంచి ఆదిత్య ఎన్‌క్లేవ్ దాకా నడిస్తే ముక్కుకి ముందు తగిలేది జిరాక్స్ మిషన్లోంచి వచ్చిన వేడి కాగితం వాసన, ఆ తర్వాతే మిర్చి బజ్జీ, ఆ తర్వాత డ్రైనేజీ. చేతిలో కరపత్రం పెట్టకుండా ఎవరూ వదిలేవాళ్లు కాదు: కోర్ జావా, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్, రేపు పొద్దున ఏడింటికి ఫ్రీ డెమో. పేరున్న సారు క్లాసులో చెప్పింది చెప్పినట్టు ఎవరో గుండ్రటి అక్షరాలతో రాసుకుంటే, ఆ రన్నింగ్ నోట్సు జిరాక్సై, స్పైరల్ బైండింగ్ వేయించుకుని, బ్యాచ్ తర్వాత బ్యాచ్ చేతులు మారేది. ఆ రాత ఎవరిదో, వాళ్లకి ఉద్యోగం వచ్చిందో లేదో చదివిన మాకెవరికీ తెలియదు. రెజ్యూమె ఇంటర్నెట్ సెంటర్లో టైపు చేయించి ఫ్లాపీలో దాచుకునేవాళ్లం. మొదటి వాక్యం అందరిదీ ఒకటే, సవాళ్లున్న ఉద్యోగం కోరుకుంటున్నామని. సెంటరతని దగ్గర నమూనా ఒకటే ఉండేది, పేరూ నాన్న పేరూ మార్కుల శాతమూ మార్చి ఇచ్చేవాడు. 1.44 ఎంబీ ఫ్లాపీ చెప్పాపెట్టకుండా పాడైతే మళ్లీ టైపింగు, మళ్లీ బాండ్ పేపరు మీద ప్రింటు. "ఎన్ని కాపీలు తమ్ముడూ?" "పది తియ్యన్నా... ఆగు, ఇరవై తియ్యి."

ఇంటర్వ్యూ పొద్దున, సందు చివర ఇస్త్రీ బండిలో బొగ్గులు రాజుకునే వేళకే చొక్కాలు వరసలో ఉండేవి. మా ఫ్లోరంతటికీ టై ఒకటే, మెరూన్ రంగుది. ముడి వేయడం వచ్చినవాడు ఎప్పుడో ఉద్యోగమొచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు కాబట్టి ఆ ముడి ఎవరమూ విప్పేవాళ్లం కాదు. వదులు చేసి తలమీదుగా తీసి రేపటివాడికి ఇచ్చేవాళ్లం, అలా ముడి దగ్గర గుడ్డ జిడ్డెక్కి నల్లగా నిగనిగలాడేది. 10హెచ్ బస్సులో ఒంటికాలి మీద నిలబడి యూసఫ్‌గూడ, చెక్‌పోస్టు దాటి మాదాపూర్‌లో దిగేసరికి ఇస్త్రీ సగం పోయేది. 1998లో మొదలైన సైబర్ టవర్స్ గుండ్రంగా మెరుస్తుండేది, దాని చుట్టుపక్కల చాలా చోట్ల ఇంకా బండరాళ్లూ తుప్పలే.

గేటు దగ్గర వాచ్‌మన్ రెజ్యూమెలు అట్టపెట్టెలో వేయించుకునేవాడు. లోపల్నుంచి ఒకాయన వచ్చి "సిక్స్టీ త్రూఅవుట్ ఉన్నవాళ్లే లైన్లో ఉండండి" అని అరిచేవాడు. అంటే టెన్త్ నుంచి బీటెక్ దాకా ఎక్కడా అరవై శాతానికి తగ్గకూడదన్నమాట. కొందరు మాట్లాడకుండా పక్కకి తప్పుకునేవాళ్లు, కానీ వెళ్లిపోయేవాళ్లు కాదు. తోడొచ్చినవాడి ఫైలు పట్టుకుని ఎదురుగా టీ బండి దగ్గర నిలబడేవాళ్లు.

రాత పరీక్షకి ఆర్.ఎస్. అగర్వాల్ లెక్కలు, శకుంతలా దేవి పజిల్సు, యశవంత్ కనేత్కర్ 'సీ' పుస్తకాలు ఉంటే చాలనేవాళ్లు. మొదటి బ్యాచ్ బయటికి రాగానే జనం మూగేసేవారు: "ఏమడిగాడు బాస్?" ఎలా రాశావని ఎవరూ అడిగేవారు కాదు. ఆ వచ్చినవాడు, అంతకుముందు మేమెన్నడూ చూడనివాడు, అదే ఉద్యోగానికి మాకు పోటీగా వచ్చినవాడు, జిప్పు ఫైలు మోకాలి మీద పెట్టుకుని గుర్తున్నవన్నీ రాసి మరీ చూపించేవాడు. ఎనిమిది బంతుల్లో బరువైనదాన్ని రెండే తూకాల్లో పట్టాలి. మ్యాన్‌హోల్ మూత గుండ్రంగా ఎందుకుంటుంది. 'ఐ' విలువ అయిదైతే 'ఐ++ + ++ఐ' ఎంత. ఈ చివరిదాని మీద టీలు చల్లారిపోయేదాకా తగాదా, పన్నెండని ఒకడు, కాదని ఒకడు, టర్బో సీలో రన్ చేసి చూశానని ఒట్టేసి ఇంకొకడు. 'సీ' ప్రమాణం ప్రకారం దానికి నిర్దిష్టమైన జవాబే లేదు, ఏ కంపైలర్ ఏమిచ్చినా తప్పు పట్టలేం. ప్రశ్నపత్రంలో మాత్రం నాలుగు ఆప్షన్లూ, ఒక మార్కూ.

సాయంత్రం గాజు తలుపుకి సెలోటేపుతో జాబితా అంటించేవాళ్లు. అందులో లేనివాళ్లకి 'వి విల్ గెట్ బ్యాక్ టు యూ'. చాలామందికి సెల్‌ఫోన్ లేదు, రెజ్యూమెలో ఉండేది హాస్టల్ ల్యాండ్‌లైను నంబరే. ఒకతనికి రెండో రౌండుకి పిలుపొస్తే, ఫోనెత్తిన వంటాయన "ఆ అబ్బాయి ఊరెళ్లాడండీ" అని పెట్టేశాడు, చాలా రోజుల తర్వాత గానీ ఆ సంగతి మాటల్లో బయటపడలేదు.

ఆ రోజులే బాగుండేవని అనబుద్ధి కాదు. తెలుగు మీడియంలో చదివినవాడు జవాబు తెలిసీ ఇంగ్లీషులో నోరు పెగలక బయటికొచ్చేసేవాడు. ఎంసెట్‌లో మాకంటే మంచి ర్యాంకు తెచ్చుకున్న అమ్మాయిల్లో కొందరిని ఇంట్లోవాళ్లు హైదరాబాదు పంపనే లేదు. లేని అనుభవానికి లెటర్‌హెడ్డూ పే స్లిప్పులూ తయారు చేసిచ్చేవాళ్లు మేం తిరిగే సందుల్లోనే ఉండేవారు (2006లో నాస్కామ్ వేలిముద్రలతో సహా నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ పెట్టిందంటే ఊరికే కాదు), బ్యాక్‌డోర్ ఉద్యోగమని నమ్మించి పొలం అమ్మిన డబ్బు మింగినవాళ్లూ ఉండేవారు.

ఆ వాక్-ఇన్‌లు ఫలానా రోజున పోయాయని చెప్పలేను. క్యాంపస్ సెలక్షన్లు పెరిగాయి, నౌక్రీలో రెజ్యూమె ఎక్కించడం అలవాటైంది, 2020 మార్చి లాక్‌డౌన్ మిగిలిన కాస్తనీ ఇంట్లోకి తెచ్చేసింది. మాకప్పుడు సత్యం పేరుతో థియేటరూ ఉండేది, కంపెనీ ఉండేది. కంపెనీ 2009 జనవరిలో చైర్మన్ రాసిన ఉత్తరంతో కుప్పకూలి టెక్ మహీంద్రాలో కలిసిపోయింది, థియేటరు పడగొట్టిన చోట 2023లో మల్టీప్లెక్స్ తెరిచారు. అమీర్‌పేట మీదుగా 2017 నుంచి మెట్రో పోతోంది, కరపత్రాలు పంచేవాళ్లు మెట్ల కింద ఇప్పటికీ ఉన్నారు.

మొన్న చిలకలూరిపేటలో మేనకోడలు మేడమీద గదిలో కూర్చుని పరీక్ష రాసింది. ముందు ల్యాప్‌టాప్ తిప్పి గది నాలుగు మూలలూ కెమెరాకి చూపించాలట. వెనకాల మనిషి కదిలితే హెచ్చరిక వస్తుందట. కింద మిక్సీ ఆపేశారు, టీవీ ఆపేశారు, అమ్మమ్మని పక్కింటికి పంపారు. బస్సు ఛార్జీ లేదు, హాస్టలు ఫీజు లేదు, అరువు టై లేదు. దిగి వచ్చాక "ఏమడిగారమ్మా?" అన్నాను అలవాటుగా. "బయటికి చెప్పకూడదు మావయ్యా, మొదట్లోనే ఒప్పుకున్నట్టు టిక్కు పెట్టించుకున్నారు" అంది. ఇంకెంతమంది రాశారంటే ఏమో అంది. రెండో రోజుకి జవాబు ఇవ్వడానికి వీల్లేని అడ్రసు నుంచి మెయిలొచ్చింది, మర్యాదగానే ఉంది. శనివారం ఇంకోచోట పరీక్ష ఉందట. తొంభై నిమిషాలు కరెంటు పోతే ఇన్వర్టరు తట్టుకుంటుందా లేదా అని మా బావ ఎలక్ట్రీషియన్‌కి ఫోను చేస్తున్నాడు.