లాయంలో నేర్చిన పాఠం

గుర్రపు స్వారీ నేర్చుకుంటానని మా అబ్బాయి ఈ వేసవి సెలవుల్లో పట్టుబట్టాడు. ఈత, స్వారీ పిల్లలకు నేర్పాలన్న పెద్దల మాట మన ఇళ్ళలో వింటున్నదే గనుక మేము కాదనలేకపోయాము. కాని ఆ కోరిక వినగానే మాకు హిందూపురంలోని మా పాత లాయం జ్ఞాపకం వచ్చింది.

మా దాదాజాన్ హిందూపురం రైల్వే స్టేషన్ ఎదుట జట్కా తోలేవారు. ధర్మవరం నుండి పట్టుచీరల మూటలతో దిగే వర్తకులు, పెనుకొండ రైలుకు వచ్చే కుటుంబాలు ఆయన బండి ఎక్కేవారు. గుర్రమెక్కించమని మేము మారాం చేస్తే, “ముందు లాయం ఊడ్చండి బేటా, ఆ తరువాతనే స్వారీ” అనేవారు. ఉలవలు నానబెట్టడం, గిట్టలు శుభ్రం చేయడం, లద్దెను గుంతలో వేసి తడిపి మగ్గబెట్టడం మా మొదటి చదువు. ఆ ఎరువు తీసుకొని వెళ్ళే రైతు బదులుగా వేరుశనగ కట్టె తెచ్చి ఇచ్చేవాడు. వీధిలో పడవలసినది పొలానికి చేరేది. పొలంలోనిది మేతగా తిరిగి వచ్చేది.

ఒక ఎండాకాలం మేము తొట్టి క్రింద కొళాయి తిప్పి ఆటలకు పోయాము. తిరిగి వచ్చేసరికి నీరంతా మురుగు కాలువ పాలయింది. బిందెలతో నిలుచున్న ఇరుగుపొరుగు తల్లుల ముందు దాదాజాన్ తల వంచుకొని నిలబడ్డారు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మా ఇంటి బిందెలు వారికిచ్చి, మిగిలినది గుర్రానికి పెట్టి, తాము చెంబెడు నీటితో వుజూ చేసుకున్నారు. మరుసటి ఏడు బావి ఎండింది. నోరులేని జీవిని దప్పికతో ఉంచడం పాపమని ఆయన గుర్రాన్ని అమ్మివేశారు. ఆనాడు మేము పారబోసిన నీరు నేటికీ మా మనస్సును కలచివేస్తుంది.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురిసే సీమ మనది. గుర్రానికి రోజుకు 25 నుండి 40 లీటర్ల నీరు కావాలి. పెద్ద గుర్రం రోజుకు సుమారు 20 కిలోల లద్దె వేస్తుంది. స్వారీ మైదానంలో దుమ్ము అణచడానికి చల్లే నీరు వేరు. కనుక స్వారీ విద్యలో ఈ లెక్క కూడా ఒక పాఠం కావాలి.

దివ్యఖుర్ఆన్‌లోని 100వ సూరా ‘ఆదియాత్’ పరుగెత్తే గుర్రాల ప్రమాణంతో మొదలై, వెంటనే మానవుని కృతఘ్నతను ఎత్తిచూపుతుంది. దైవమార్గంలో గుర్రాన్ని పోషించిన వానికి దాని మేత, నీరు, లద్దె సైతం ప్రళయదినాన త్రాసులో తూగుతాయని సహీహ్ బుఖారీలోని హదీసు తెలుపుతున్నది. మనం అసహ్యించుకునే లద్దెకు కూడా అక్కడ లెక్క ఉన్నదన్నమాట!

శిక్షణాలయానికి వెళ్ళినప్పుడు మేము రుసుము కంటే ముందు మూడు విషయాలు అడిగాము: నీరు ఎక్కడిది, లద్దె ఎక్కడికి పోతుంది, మధ్యాహ్నపు ఎండలో గుర్రాలకు నీడ ఉన్నదా? లద్దె కాలువ ఒడ్డున కుప్పగా పడి ఉండడం చూసి, ఎరువు కోరే ఒక రైతును వారికి పరిచయం చేశాము. మొదటి వారం లాయంలోనే పని చేయాలన్న షరతుతో అబ్బాయిని చేర్చాము. మూడవనాడు ఇంటికి వచ్చి, “అబ్బా, ఈ రోజు ఒక్క బొట్టు కూడా పారబోయలేదు” అన్నాడు.

దాదాజాన్ మగ్‌ఫిరత్ కోసం ఆ రాత్రి మేమందరం దుఆ చేశాము. స్వారీ నేర్పే తల్లిదండ్రులారా, మీ బిడ్డల చేతికి కళ్ళెం కంటే ముందు చీపురు ఇవ్వండి.