రసీదు అడుగున వేదవాక్యం

ఏదైనా రాసి ఉన్నంత మాత్రాన నిజమైపోదు, రుజువు చూపాల్సిన బాధ్యత చెప్పినవాడిదే అని మనం తరచు చెప్పుకుంటాం. పురాణాల విషయంలో ఈ మాటను గట్టిగా వాదించే మిత్రులు కూడా బడి ఫీజు రసీదు దగ్గరకు వచ్చేసరికి మెత్తబడిపోతారు. "ఒకసారి చెల్లించిన ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు" అని రసీదు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటే చాలు, అదే ఆఖరి మాట. దాన్ని ఎవరు రాశారు, ఏ అధికారంతో రాశారు అని ఎవరూ అడగరు.

నేను అడగాల్సి వచ్చింది. 2023 జూన్‌లో సికింద్రాబాదులో ఉండే మా అమ్మాయి తన మూడున్నరేళ్ల కొడుకుని ఇంటి దగ్గర నర్సరీలో చేర్చింది. వాడిది ఎడమ చేతివాటం. జూలై చివరికల్లా వాడు ఇంట్లో బొమ్మలు గీయడం మానేశాడు. క్రేయాన్ అందిస్తే ఎడమ చెయ్యి వీపు వెనక దాచుకునేవాడు. ఆరా తీస్తే తెలిసింది: ఎడమ చేత్తో పలక మీద రాసినప్పుడల్లా టీచరు ఆ చేతి మీద ఒకటి వేసి బలపాన్ని కుడి చేతిలో పెడుతోంది. ఎందుకమ్మా అంటే "ఎడమ చేత్తో దిద్దితే సరస్వతి కటాక్షం ఉండదండీ" అంది. ప్రిన్సిపాల్ గారు "చిన్నప్పుడే మాన్పించాలి అంకుల్, పెద్దయ్యాక మీరే థాంక్స్ చెప్తారు" అన్నారు.

మనుషుల్లో సుమారు పదిమందికి ఒకరిది ఎడమ చేతివాటం. అది చెడ్డ అలవాటు కాదు, మెదడు ఏర్పడే తీరులోనే ఉంది. ఏ చెయ్యి వైపు మొగ్గు అనేది గర్భంలో ఉండగానే కనిపిస్తుంది. సచిన్ టెండూల్కర్ కుడి చేత్తో బ్యాటింగ్ చేసినా రాసేది ఎడమ చేత్తోనే. కొట్టి చెయ్యి మార్పిస్తే పిల్లవాడు నేర్చుకునేది అక్షరాలు కాదు, భయం.

మాన్పించేద్దాం అనుకున్నాం. అప్పుడు మా వియ్యపురాలు అడ్డుపడ్డారు. "ఎనభై నాలుగు వేలు కట్టేశాం కదా అన్నయ్యగారూ, ఈ ఒక్క ఏడాదికి సర్దుకుందాం" అన్నారు. ఆవిడ మాటలో దురుద్దేశం లేదు. నూటికి తొంభై ఇళ్లలో ఇదే మాట వినిపిస్తుంది. కామర్స్ చదివినవాళ్లు దీన్ని మునిగిపోయిన ఖర్చు అంటారు. పిల్లవాణ్ణి ఉంచినా, మాన్పించినా కట్టిన డబ్బు కట్టినట్టే. కాబట్టి నిర్ణయానికి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. చూడాల్సింది ఒక్కటే, మిగిలిన నెలలు వాడికి ఎలా గడుస్తాయి? ఇదే చెప్పాను. ఆగస్టు రెండో వారంలో మాన్పించాం.

ఇక లెక్క. అడ్మిషన్ ఫీజు 12,000. పుస్తకాలు, యూనిఫాం 7,000. కాషన్ డిపాజిట్ 5,000. జూన్ నుంచి మార్చి దాకా పది నెలల ట్యూషన్ ఫీజు 60,000. మొత్తం 84,000 రూపాయలు.

ఇందులో అడ్మిషన్ ఫీజు మేం అడగలేదు, చేర్చుకునే పని అయిపోయింది. పుస్తకాలు మా దగ్గరే ఉన్నాయి. ఆగస్టు నెల పూర్తిగా వాళ్లకే వదిలాం, నోటీసు కింద సెప్టెంబరు కూడా వదిలాం. అక్టోబరు నుంచి మార్చి వరకు ఆరు నెలలకు 36,000, డిపాజిట్ 5,000, మొత్తం 41,000 తిరిగి ఇమ్మని రాశాం. మేనేజ్‌మెంటు వేలు పెట్టి చూపించింది రసీదు అడుగున ఉన్న ఆ ఒక్క వాక్యాన్నే.

డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్పై ఏళ్లకు పైగా బిల్లులు చూసిన నాకు ఈ జవాబు ఆనలేదు. వోచరు లేని ఖర్చును మేం పాస్ చేసేవాళ్లం కాదు, ఎంత పెద్ద ఆఫీసరు సంతకం ఉన్నా సరే. ముందుగా పుచ్చుకున్న ఫీజు ఆ రోజే ఆదాయం అయిపోదు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1985లో తెచ్చిన ఏఎస్ 9 అనే ప్రమాణం ట్యూషన్ ఫీజు గురించి ప్రత్యేకంగా చెబుతుంది: బోధించిన కాలం మేరకే దాన్ని ఆదాయంగా చూపాలి. ఆ లెక్కన చెప్పని పాఠానికి తీసుకున్న డబ్బు బడి పుస్తకాల్లో అప్పు వైపు ఉండాలి. కాషన్ డిపాజిట్ సంగతి చెప్పనే అక్కర్లేదు, పేరులోనే డిపాజిట్ అని ఉంది.

చట్టం కూడా ఇదే దారిలో ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం, ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా దక్కేది సముచితమైన పరిహారమే, రాసుకున్న మొత్తం దానికి పైహద్దు మాత్రమే. ఫతేచంద్ కేసులో 1963లో, కైలాష్‌నాథ్ కేసులో 2015లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను వివరించింది. నష్టమే జరగని చోట ముందుగా కట్టిన సొమ్మును మింగేయడానికి ఒప్పందంలోని వాక్యం ఒక్కటీ చాలదని ఆ తీర్పుల సారం. ఇస్లామిక్ అకాడమీ కేసులో 2003లో ఇదే కోర్టు, విద్యాసంస్థ ఒక సెమిస్టరు లేదా ఒక ఏడాది ఫీజుకు మించి ముందుగా వసూలు చేయకూడదంది. మా రసీదు ఏడాదిదే కాబట్టి ఆ తీర్పు మాకు నేరుగా ఉపయోగపడలేదు. కాలేజీలకు యూజీసీ 2018లో ఫీజు వాపసు పట్టిక ఇచ్చింది గానీ, అది నర్సరీలకు వర్తించదు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని చాలామంది సలహా ఇచ్చారు. అక్కడ ఒక చిక్కుంది. విద్యాసంస్థలు ఆ చట్టం కిందికి రావు, కోచింగ్ సెంటర్లు వస్తాయి అని జాతీయ కమిషన్ 2020 జనవరిలో తేల్చింది, దాని మీద అప్పీలు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అందుకని మేం జిల్లా న్యాయసేవాధికార సంస్థ దారి ఎంచుకున్నాం. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించే వీలు అక్కడ ఉంది, కోర్టు ఫీజు ఉండదు. ఆ దరఖాస్తు నకలును నవంబరులో రెండో ఉత్తరానికి జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో బడికి పంపాం.

బడివాళ్ల వాదన పూర్తిగా కొట్టేయదగింది కాదు. టీచరు జీతం, భవనం అద్దె ఒక పిల్లవాడు మానేసినంత మాత్రాన తగ్గవు. అందుకే ఉత్తరంలో ఒకే ప్రశ్న వేశాం: మా వాడి సీటు ఎన్ని నెలలు ఖాళీగా ఉంది? హాజరు పట్టీ చూపిస్తే అన్ని నెలల ఫీజు వదులుకుంటామన్నాం. చూపించారు. నవంబరు ఒకటో తేదీనుంచి ఆ సీట్లో మరో పాప ఉంది, ఆ పాప ఫీజూ జమ అయింది. అంటే నోటీసు నెల పోగా ఖాళీ ఉన్నది అక్టోబరు ఒక్కటే. ఆరు వేలు మారు మాట్లాడకుండా వదిలేశాం. మిగతా 35,000కు డిసెంబరులో చెక్కు ఇచ్చారు. రుజువు రెండు వైపులా పనిచేస్తుంది. వాళ్లకు న్యాయంగా రావలసింది వాళ్లకు రావాలి.

ఇలాంటి ఇబ్బందిలో ఉన్న తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇంతే. మానేస్తున్నట్టు తేదీ వేసి రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఫీజును పద్దుల వారీగా విడదీయండి, వాడుకున్నదాన్ని మీరే ముందు వదిలేయండి. "మా రూల్ అంతే" అంటే కోపగించుకోకుండా, మీకు జరిగిన నష్టం ఎంత, కాగితం చూపించండి అని అడగండి. అన్నిటికన్నా ముందు పిల్లల్ని మాన్పించాలా వద్దా అన్నది తేల్చుకోండి. డబ్బు గొడవ తరవాత.

మా మొదటి ఉత్తరంలో ఫీజుతో పాటు ఇంకొకటి కూడా అడిగాం. ఇకపై ఏ పిల్లవాడినీ చెయ్యి మార్చుకోమని కొట్టబోమని రాసివ్వమన్నాం. చెక్కు వచ్చింది గానీ ఆ కాగితం రాలేదు. ముప్పై అయిదు వేలు వదులుకోవడం కన్నా ఒక నమ్మకాన్ని వదులుకోవడం వాళ్లకు కష్టమైనట్టుంది. ఆ సీట్లో కూర్చున్న పాప ఏ చేత్తో రాస్తుందో నాకు తెలియదు. ఆ కాగితం కోసం మూడో ఉత్తరం రాశాను.