కణం అంచున గోధుమరంగు

హైదరాబాద్‌లో ఒక పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి. కింద ఓపీలో ఇసుకేస్తే రాలనంత జనం. పైనున్న హిస్టోపాథాలజీ విభాగానికి మాత్రం రోగులెవరూ రారు. వాళ్ల ఒంట్లోంచి తీసిన ముక్కలే వస్తాయి. కణం పైపొర మీది రిసెప్టర్‌ను పట్టుకుని క్యాన్సర్‌కు కళ్లెం వేసే మందుల గురించి పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఫలానా రోగి కణాల మీద ఆ రిసెప్టర్ ఉందో లేదో తేల్చేది ఎవరు, ఎలా? అది చూద్దామనే వెళ్లాను.

తలుపు తీయగానే ఫార్మలిన్ ఘాటు కళ్లకు తగిలింది. బల్ల మీద మూతలు బిగించిన ప్లాస్టిక్ డబ్బాలు వరసగా ఉన్నాయి. కొన్ని ఈ ఆసుపత్రి థియేటర్ నుంచి వచ్చినవి, కొన్ని జిల్లాల్లోని నర్సింగ్ హోముల నుంచి బస్సు పార్సిల్‌లో వచ్చినవి. పాథాలజిస్టు మేడమ్ ఒక డబ్బా పైకెత్తి చూపించారు. లేబుల్ మీద పేరు ఉంది, వయసు ఉంది. గడ్డ ఎన్ని గంటలకు తీశారో రాయాల్సిన చోటు ఖాళీ.

"నాకు కావాల్సింది అదేనండీ. తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. అదీ ముక్కకు పది రెట్లు ఉండాలి. కనీసం ఆరు గంటలు నానాలి, మూడు రోజులు దాటకూడదు. కొందరు సెలైన్‌లో వేసి పంపుతారు. ఇంకొందరు గడ్డను కొయ్యకుండా అలాగే వేసేస్తారు. ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరే లోపలికి దిగుతుంది. ఈలోగా నడిమధ్య భాగం పాడైపోతుంది. ఆ తర్వాత నేను ఎంత మంచి యాంటీబాడీ వేసినా ఏం లాభం?"

పక్క గదిలో మైనపు బ్లాకులు ఐసు మీద చల్లబడుతున్నాయి. టెక్నీషియన్ ఒక బ్లాకును మైక్రోటోమ్‌కు బిగించి చక్రం తిప్పుతుంటే, ఒకదానికొకటి అంటుకుని సన్నటి పొరలు రిబ్బనులా సాగివచ్చాయి. ఒక్కో పొర మందం మూడు నాలుగు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో సుమారు మూడు వందలవ వంతు. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. అతను కుంచెతో రిబ్బనును ఎత్తి గోరువెచ్చని నీళ్ల మీద పరిచాడు. ముడతలు విప్పుకోగానే అడుగునుంచి గాజు పలకను జార్చి పొరను పైకి తీశాడు. "మిషన్ల ఏముంది సార్, చెయ్యి బరువు తెల్వాలె. కొవ్వున్న రొమ్ము ముక్క అయితే ఇంకా సతాయిస్తది" అన్నాడు. నేను చూస్తుండగానే ఒక పొర చిరిగింది. మారు మాట లేకుండా ఇంకొకటి కోశాడు.

ఇక రంగు వేయడం. ల్యాబ్ వాళ్లు ఐహెచ్‌సీ అంటారు. ఫార్మలిన్ ప్రోటీన్లను బిగదీసేస్తుంది కాబట్టి ముందు పలకలను తగిన ద్రావణంలో వేడిచేసి వాటిని వదులు చేస్తారు. తర్వాత రిసెప్టర్‌ను మాత్రమే గుర్తుపట్టే యాంటీబాడీ, దాని మీద ఎంజైము, ఆ ఎంజైము తగలగానే గోధుమరంగుకు తిరిగే డీఏబీ. ఈ డీఏబీయే క్యాన్సర్ కారకమని అనుమానం ఉంది, అందుకే తొడుగులు లేకుండా ఎవరూ ముట్టుకోరు. ప్రతి విడతలోనూ రంగు తప్పకుండా రావాల్సిన ముక్క ఒకటి కంట్రోల్‌గా పెడతారు. దానికి రంగు పట్టకపోతే ఆ విడత మొత్తం పక్కన పెట్టాల్సిందే.

మైక్రోస్కోపులో మేడమ్ చూపించిన మొదటి పలక హెర్2 అనే రిసెప్టర్‌ది. నీలి కేంద్రకాలు, ఒక్కో కణం చుట్టూ తెగిపోని గోధుమరంగు గీత. పాథాలజిస్టులు దీన్ని చికెన్ వైర్ అంటారు, అచ్చం కోళ్ల గూటికి కొట్టే ఇనుప జాలీలాగే ఉంది. మామూలు రొమ్ము కణం మీద హెర్2 రిసెప్టర్లు ఇరవై వేల దాకా ఉంటాయని అంచనా. జన్యువు నకళ్లు పెరిగిపోయిన క్యాన్సర్ కణం మీద అవి ఇరవై లక్షల దాకా చేరవచ్చు. పెరగమనే సంకేతం ఆగకుండా లోపలికి పోతూనే ఉంటుంది. గట్టి గీత పూర్తిగా చుట్టిన కణాలు పది శాతం దాటితే 3+, అంటే పాజిటివ్. 2+ వస్తే తేలనట్టే, జన్యువునే లెక్కపెట్టే ఫిష్ పరీక్షకు పంపుతారు. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుంచి 20 శాతం పాజిటివ్ అవుతాయి.

ఈ రిసెప్టర్ ఎక్కువైతే జబ్బు మొండికేస్తుందని డెన్నిస్ స్లామన్ బృందం 1987లో చూపింది. దాన్ని బయటినుంచి పట్టుకునే యాంటీబాడీ ట్రాస్టుజుమాబ్‌కు అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఏడాదిపాటు ఇస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం దాదాపు సగానికి తగ్గుతుందని 2005లో తేలింది. దాని బయోసిమిలర్, అంటే అదే పని చేసే నకలు మందు, ప్రపంచంలో అందరికన్నా ముందు 2014లో మన దేశంలోనే, బెంగళూరు బయోకాన్ నుంచి మార్కెట్‌లోకి వచ్చింది.

తిరగబెట్టకుండా చూడడం సరే, అసలు రాకముందే ఆపగలమా అని అడిగాను. మేడమ్ పలక మార్చారు. ఈసారి గోధుమరంగు అంచున లేదు, కేంద్రకంలో ఉంది. అది ఈస్ట్రోజెన్ రిసెప్టర్, అంటే ఈఆర్. రిస్కు ఎక్కువున్న స్త్రీలకు దాన్ని అడ్డుకునే టామోక్సిఫెన్ మందు ముందే ఇస్తే రొమ్ము క్యాన్సర్ దాదాపు సగం తగ్గిందని, పదమూడు వేల మందికి పైగా పాల్గొన్న అమెరికా పరీక్ష 1998లోనే చూపింది. రొమ్ము విషయంలో రాకముందే ఆపిన ఘనత ఇప్పటికి ఈ లోపలి రిసెప్టర్‌దే. పైపొర మీది వాటిలో ఆశ పెట్టుకున్నది ర్యాంక్ అనే రిసెప్టర్ మీద. దానికి సంకేతం అందకుండా అడ్డుకునే డెనోసుమాబ్ ఎముకలు గుల్లబారినవాళ్లకు ఇప్పటికే ఇస్తున్న మందు. బీఆర్‌సీఏ1 జన్యువులో మార్పు ఉన్న స్త్రీలలో అది క్యాన్సర్‌ను నిరోధిస్తుందా అని కొన్ని దేశాల్లో పరీక్ష చేపట్టారు. కాబట్టి "రిసెప్టర్ చికిత్సతో క్యాన్సర్ నివారణ" అనే ప్రకటన కనిపిస్తే, నివారణ అంటే ఏది, రాకుండానా, మళ్లీ రాకుండానా అని అడగాలి. నా మట్టుకు నేను రెండోదే అనుకుంటాను.

వెళ్లొస్తానంటే మేడమ్ ఇంకో సంగతి చెప్పారు. ఒకప్పుడు 0 వచ్చినా 1+ వచ్చినా నెగటివే, ఎవరూ పట్టించుకునేవారు కాదు. 2022లో అమెరికాలో ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ అనే మందును జబ్బు పాకిన దశలో, హెర్2 తక్కువున్నవాళ్లకు కూడా అనుమతించారు. లీలగా కనిపించే ఆ 1+ గీతకు ఇప్పుడు విలువ వచ్చింది. అండాశయ క్యాన్సర్‌లోనూ అదే ఏడాది ఫోలేట్ రిసెప్టర్‌ను పట్టుకునే మందు వచ్చింది. ఫోలిక్ ఆమ్లాన్ని ల్యాబ్‌లో తయారుచేసి, దానికి ఎదురు పనిచేసే క్యాన్సర్ మందులకు దారి తీసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఫోలేట్‌ను పట్టే రిసెప్టరే ఇప్పుడు ఇంకో దారిలో పనికొస్తోంది.

అందుకే పాత బ్లాకులు పారేయరు. బీరువాల నిండా నంబర్లు వేసిన మైనపు దిమ్మలు. కొత్త మందు వచ్చినప్పుడు పాత బ్లాకు నుంచే మళ్లీ పొర కోసి చూడొచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ములో గడ్డ తీయాల్సివస్తే, డబ్బాలో పోసేది ఫార్మలినేనా అని ముందే అడగండి. తీసిన సమయం లేబుల్ మీద రాయమనండి. ఈఆర్, పీఆర్ (ప్రొజెస్టెరాన్ రిసెప్టర్), హెర్2 రిపోర్టు, బ్లాకు నంబరు జాగ్రత్తగా దాచుకోండి. ఆసుపత్రి మారేటప్పుడు ఆ బ్లాకులను అడిగి తీసుకెళ్లండి.