కొలత తప్పిన ఆయిలు

ఇంటి పనులయందు కొలత యెంత ముఖ్యమో మనకొకరు చెప్పనక్కఱలేదు. ఆ కొలతయే వాకిట నిలిచిన కారునకును అక్కఱకు వచ్చునని మేము గత శ్రావణమున నేర్చుకొంటిమి.

మా వారు ఎల్లంతకుంటలో ఉపాధ్యాయులు. వారికి ఎడమకాలి నొప్పి యుండుటచే, క్లచ్చి త్రొక్క నక్కఱలేని పాత ఆటోమేటిక్ కారు నొకదానిని కొంటిమి. ఇట్టి గేరుపెట్టెను అమెరికాలోని జనరల్ మోటార్సువారు హైడ్రామాటిక్ అను పేర 1939లో ప్రకటించి, 1940 నాటి ఓల్డ్స్‌మొబైల్ కార్లలో అమర్చిరి. అందు గేర్లను పట్టించునది ఆయిలు ఒత్తిడియే. ఆయిలు తగ్గినచో పట్టు తప్పును.

ఆ ఆయిలు మార్చుటకు పనివారు చెప్పిన కూలి హెచ్చుగా తోచి, ఒక ఆదివారము మా వారు తామే పూనుకొనిరి. కారు ముందుభాగము నెత్తి, అడుగు బోల్టు విప్పి, పాత ఆయిలును తొట్టిలో పట్టి, కొత్తది పోసిరి. ఇంజను ఆపియే డిప్‌స్టిక్కు చూడగా నిండినట్లు కనబడెను. తెచ్చినవి నాలుగు లీటరు డబ్బాలు. అందొకటి మూత విప్పకయే, మఱియొకటి సగము మిగిలియుండుట మేము చూచితిమి. ఇంత మిగిలెనేమి యని యడుగబోయి, యంత్రముల సంగతి మనకేల యని యూరకుంటిమి.

మఱునాడు అత్తగారిని కంటి శస్త్రచికిత్సకై కరీంనగరము తీసికొని పోవలసియుండెను. ఊరు దాటి మిట్ట యెక్కుచుండగా ఇంజను రొద చేయుటయే గాని బండి కదలలేదు. "బిడ్డా, బండి ముందటికి పోతలేదేందే?" యని అత్తగారు మా చేయి పట్టుకొనిరి. ఆటోలో కొనిపోతిమి గాని వేళ మించినందున చికిత్స వారము తరువాతకు వాయిదా పడెను. బండిని ట్రాలీపై ఇంటికి తెచ్చిరి.

గేరుపెట్టెయే చెడినదని ఆ రాత్రి మా వారు అన్నము ముట్టలేదు. మేము వాకిటికి పోయి పాత ఆయిలును ఖాళీ డబ్బాలతో కొలిచితిమి. అది మూడున్నర లీటరులు, పోసినది రెండున్నర. "ఏమండీ, ఒక లీటరు తక్కువైనది" అంటిమి. వారు మాఱుపలుకక బండి పుస్తకము తెఱచిరి.

ఇంజను ఆగినప్పుడు పైనున్న ఆయిలు అడుగునకు దిగి మట్టము హెచ్చుగా చూపును. తిరుగునప్పుడు పంపు దానిని లాగుకొనును. కనుక మా బండిని సమతలమున నిలిపి, ఇంజను వేడెక్కి తిరుగుచుండగా, బ్రేకు త్రొక్కి గేరుకఱ్ఱను అన్ని స్థానములకు నడిపి, పిమ్మట డిప్‌స్టిక్కు చూడవలెనట. తెల్లవాఱి అట్లే చేసితిమి. ఎక్కువైనను నురుగు గట్టి హాని యగును గనుక, కొద్దికొద్దిగా పోయుచు చూడగా దాదాపు లీటరు పట్టెను. బోల్టు వద్ద కాఱుట లేదు; ఆయిలు నల్లబడలేదు; మాడిన వాసనయు లేదు. బండి ఆ మిట్టనే సులువుగా నెక్కెను.

అన్ని బండ్లకు ఈ పద్ధతి చెల్లదు. కొన్నింటికి డిప్‌స్టిక్కే యుండదు. మట్టము చూచు తీరునకును, ఆయిలు రకమునకును ఆ బండి పుస్తకమే ప్రమాణము.

మఱు వారము అత్తగారిని ఆ బండిలోనే కొనిపోతిమి. చికిత్స చక్కగా జరిగెను. కాని మేమాదివారమే నోరు విప్పియున్నచో, ఆ వృద్ధురాలు నడిత్రోవలో ఎండకు నిలువకుండెడిది. తెలియనిది చెప్పుట తప్పు కావచ్చును. కన్నులార చూచినది చెప్పకుండుటయు తప్పే.